మోతీ ఇంకా లేవలేదు

మాచవరం,
20-7-58

చిరంజీవి వరలక్ష్మికి అన్న గోపాలకృష్ణయ్య దీవించి రాసేది.

ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వు క్షేమమేనని పొద్దున్నే గోడ మీదుగా వినిపించే నీ దగ్గును బట్టి తెలుస్తూనే ఉంది. నీతో జన్మలో మాట్లాడనని నలుగురిలో ఒట్టు పెట్టుకున్నాను. రాయనని పెట్టుకోలేదు. అందుకే ఈ కార్డు.

మీ వదిన పోయాక నాకు వండిపెట్టడానికి వచ్చి, నీ పులుసు ఆవిడ పులుసులా లేదన్న ఒక్క మాటకు, నాన్న నీకిచ్చిన సగం ఇల్లు వేరు చేయించుకుని వాకిట్లో గోడ లేపించావు. నువ్వూ ఒట్టు పెట్టుకున్నావు. ఆ గోడకు మనిద్దరం ఒప్పుకున్నాం గాని మోతీ ఒప్పుకోలేదు. వీధి తలుపులు రెండూ ఎప్పుడూ వేసే ఉంటాయి కనుక, పొద్దున నా దగ్గర తిని మధ్యాహ్నం నీ దగ్గర తినడానికి రోజూ గోడ దూకుతూనే ఉంది. నిన్న అది దబ్బున పడిన చప్పుడూ, ఆ వెనక దాని ఏడుపూ విన్నాను. మళ్ళీ ఇటు రాలేదు.

అది మీ వదిన పెంచిన కుక్క. కనుక నాది. మీ గుమ్మంలో పెట్టి నువ్వు లోపలికి వెళ్ళిపో. నేను వచ్చి తెచ్చుకుంటాను.

ఆశీస్సులతో,
గోపాలకృష్ణయ్య

తా.క.: ఈ కార్డు మన ఊరి డబ్బాలో వేస్తే పిడుగురాళ్ళ వెళ్ళి ముద్ర వేయించుకుని నీకు చేరుతుందట. ఈలోగా దానికి ఆకలి వేస్తే పెట్టు.


మాచవరం,
24-7-58

అన్నయ్యకు వరలక్ష్మి నమస్కరించి రాసేది.

నీ కార్డు ఊళ్ళు తిరిగి వచ్చేలోపు గురజాల నుంచి పశువుల డాక్టరును పిలిపించాను. మోతీకి వెన్ను దెబ్బతిన్నదనీ, వెనక కాళ్ళు చచ్చుబడ్డాయనీ చెప్పాడు. చెక్క మీద గోనెపట్టా పరిచి పడుకోబెట్టాం. దాన్ని మోసుకుని తిరగకూడదు. పూటకోసారి పక్క మాత్రం మార్చాలి, లేకపోతే ఒళ్ళు పుండ్లు పడుతుందట. కార్తీకం వచ్చేలోపు లేచి నిలబడకపోతే మందిచ్చి పంపేయడమే మేలని కూడా అన్నాడు. ఆ మాట విని, మజ్జిగ తెస్తానని వంటింట్లోకి వెళ్ళిపోయాను. నా ముఖం ఆయన చూడకూడదని.

అది పడింది నా వైపు. లేచేదాకా నా వైపే ఉంటుంది.

ఇట్లు,
వరలక్ష్మి

తా.క.: ఇకమీదట కార్డు రాయకు, కవరులో రాయి. పోస్టుమాన్ చిన్నప్ప నీ కార్డు నాకంటే ముందు చదివి, "పులుసు అంత బాగుండదా అమ్మా?" అని అడిగి మరీ ఇచ్చాడు.


మాచవరం,
1-8-58

చిరంజీవి వరలక్ష్మికి అన్న దీవెనలు.

నువ్వు చెప్పినట్టే కవరులో రాస్తున్నాను. మోతీకి పాలు పోయకు, కడుపు ఉబ్బుతుంది. రాగి జావ పలచగా కాచి ఇవ్వు. ఇసుక వెచ్చచేసి మూటగట్టి నడుముకు కాపడం పెట్టు. తినకపోతే చెవి వెనక గోకుతూ పెట్టు, మీ వదిన అలాగే పెట్టేది.

ఇక అసలు సంగతి. మంగళవారం మధ్యాహ్నం నేను గోడ నీడన కూర్చుని అన్నం తింటుంటే నీ గొంతు వినిపించింది. "ముసలోడివైనా పౌరుషం చానా ఉంది. ఎవురి మీద నీ అలక? పెట్టింది తిని పడుండు" అన్నావు. చేతిలో ముద్ద ఉండగా పెద్దవాణ్ణి అనవలసిన మాటలేనా? సర్దుకున్నాను. బుధవారం మళ్ళీ "కాళ్ళు ఆడకపోయినా ఏందా చూపు, నన్ను మింగేటట్టు" అన్నావు. నా కాళ్ళు బాగానే ఆడుతున్నాయి. ఆ సమయంలో నేను నీవైపు చూడటం కూడా లేదు, ఆవకాయ వైపు చూస్తున్నాను.

ఒట్టు తప్పి ముందు మాట్లాడింది నువ్వే. ఈ సంగతి నలుగురికీ చెప్పాలని ఉంది. కాని నువ్వు ఏమన్నావో కూడా చెప్పాల్సి వస్తుందని ఆగాను.

ఇట్లు,
నీ పెద్దన్న

తా.క.: నీ మాటలు పడలేక వంటింట్లో తింటున్నాను. అక్కడికి అవి సరిగ్గా వినపడటం లేదు.


మాచవరం,
6-8-58

అన్నయ్యకు నమస్కారాలు.

నీ ఉత్తరం చూసి నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. ఆ మాటలన్నీ మోతీతో అన్నవి. నువ్వు రాయకముందే నేను జావ కాచాను, అది ముట్టలేదు, కోపమొచ్చి అన్నాను. ఈ ఇంట్లో దానితో కాక ఇంకెవరితో మాట్లాడను?

నాకు మాత్రం చెవులు లేవా? శుక్రవారం సాయంత్రం నువ్వు "పోతే పోయింది, దాని పీడ విరగడైంది" అన్నావు. మంచం పట్టిన జీవాన్ని అనే మాటేనా అది? మోతీ విని చెవులు దించుకుంది. ఆ పూట నాకు పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు.

ఇప్పుడు దాన్ని రోజూ నిలబెట్టి చూడమన్నాడు డాక్టరు. పొట్ట కింద గుడ్డ వేసి రెండు కొసలూ పట్టి పైకి లేపాలి. ఒక కొస నేను పడతాను. రెండో కొసకు ఎదురింటి బషీరున్నీసా వస్తోంది. పాపం ఆమెకు పిల్లలు, వంట, సవాలక్ష పనులు. ఆమె రాని రోజు మోతీ నా ముఖం చూస్తుంది, నేను దాని ముఖం చూస్తాను.

ఇట్లు,
వరలక్ష్మి

తా.క.: పాలు పోయవద్దన్న ఉత్తరం అందేసరికి మోతీ పాలు తాగి మూతి నాక్కుంటోంది. దాని కడుపు నిమ్మళంగానే ఉంది. నీదే ఉబ్బినట్టుంది.


మాచవరం,
11-8-58

చిరంజీవి వరలక్ష్మికి దీవెనలు.

శుక్రవారం నేను పీడ అన్నది మోతీని కాదు, ఊడిపోయిన నా పన్నును. నెలల తరబడి కదులుతూ ప్రాణం తీసింది. నమ్మకపోతే గోడ మీద పెడతాను, చూసుకో. ఆ మాట తన గురించి కాదని మోతీకి నచ్చజెప్పు.

నా పాత పంచె ఒకటి గోడ మీదుగా వేశాను. నేత గట్టిది, దాని బరువు ఆపుతుంది.

నువ్వు దాన్ని "లే నాయనా, లే" అన్నప్పుడల్లా ఇక్కడ నేను లేచి నిలబడుతున్నాను. మొదటి రోజు ఎందుకు నిలబడ్డానో నాకే తెలియలేదు. ఇప్పుడు తెలిసి కూడా నిలబడుతున్నాను. నన్ను లెమ్మనే మనిషి లేక చాలా కాలమైంది వరలక్ష్మీ. పొద్దున లేచినా లేవకపోయినా ఈ ఇంట్లో తేడా లేదు. వచ్చి రెండో కొస పట్టాలని ఉంది. నువ్వు పిలవవు, నేను అడగను. ఇద్దరం ఆ తండ్రి బిడ్డలమే.

అది నిలబడిందో లేదో నిజం రాయి.

ఇట్లు,
అన్న

తా.క.: మళ్ళీ గోడ దగ్గరే తింటున్నాను. మోతీతో కాస్త గట్టిగా మాట్లాడు. వయసు మీద పడింది, దానికి వినపడాలి కదా.


మాచవరం,
28-9-58

అన్నయ్యకు నమస్కారాలు.

తొందరలో ఉండి మళ్ళీ కార్డే రాశావు. కాలైనా కదిపిందా అని అడిగావు. లేదు అన్నయ్యా. మోతీ ఇంకా లేవలేదు. మధ్యాహ్నమంతా నీ పంచె మీద పడి ఉంటుంది. తల ఎత్తదు. ముక్కు మీద ఈగ వాలినా తోలుకోదు. చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది.

నీ ఉత్తరాలు చదివి వినిపిస్తే మాత్రం చెవి కదుపుతుంది. కనుక రాయడం మానకు. ఏమీ తోచకపోతే కాపడం గురించే మళ్ళీ రాయి. చిన్నప్ప సైకిలు బెల్లు మోగితే నాకు, అంటే మోతీకి, ప్రాణం లేచివస్తుంది.

ఇట్లు,
వరలక్ష్మి

తా.క.: డాక్టరు పెట్టిన గడువు గురించి దిగులు పడకు. ఆయనే పొడిగించాడు. ఎప్పటిదాకా అన్నది చెప్పలేదు.


మాచవరం,
3-10-58

చిరంజీవి వరలక్ష్మికి అన్న దీవించి రాసేది.

నీ ఉత్తరం మొన్న మధ్యాహ్నం మంచం మీద కూర్చుని చదివాను. మోతీ తల ఎత్తదని రాసిన చోటికి వచ్చేసరికి, మోతీ మంచం కింద నుంచి వచ్చి నా మోకాలి మీద తల పెట్టింది. ముక్కు మీది ఈగను కూడా తోలుకుంది.

వినాయక చవితి వెళ్ళినప్పటి నుంచి రోజూ వస్తోంది. ఒక కాలు ఈడుస్తుంది, నడక వంకర, ఇక దూకలేదు. మీ గుమ్మం దిగి మా గుమ్మం ఎక్కి తలుపు గోకుతుంది, తీస్తాను. పొద్దు వాలగానే వెళ్ళిపోతుంది. నువ్వు నిద్రపోతుంటే తప్పించుకుని వస్తోందనుకున్నాను. నీకు చెప్పలేదు. అది లేచిందని నీకు తెలిస్తే ఇక నాకు ఉత్తరం ఎందుకు రాస్తావు? అందుకే, అది నా చెప్పు కొరుకుతూ ఉండగా, కాలైనా కదిపిందా అని నీకు కార్డు రాశాను.

ఇవాళ దానికి ఎదురుపోదామని గుమ్మంలో నిలబడ్డాను. మీ తలుపు గడియ పైన ఉంటుంది, కుక్కకు అందదు. గడియ తీసిన చప్పుడైంది. "పో, పోయి కాసేపు కూసో. ఆయనొక్కడే ఉంటాడు. చీకటి పడకముందే వచ్చెయ్యి, ఈడ నేనూ ఒక్కదాన్నే" అంటున్నావు. నా కాళ్ళు ఆడలేదు.

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. మోతీ ఇంటికి బయలుదేరుతోంది, దాని వెంట నేనే తెస్తున్నాను. ఒట్టు ఒట్టే, నోరు తెరవను. నువ్వు చదివేదాకా గుమ్మంలో నిలబడతాను.

ఇట్లు,
అన్న

తా.క.: నువ్వూ ఒట్టు తప్పనక్కర్లేదు. మోతీ వైపు చూసి "లోపలికి రా నాయనా" అను. నేను వస్తాను.