బిడ్డ చెల్కలో రాతిపొడి

రాజవ్వా,

నువ్వు పోయి ఇవాళ్టికి మూడేళ్లు. ఇంత సంతోషం నీకు గాక ఎవరికి చెప్పుకోను! జఫర్‌గఢ్‌లో మన బిడ్డ సత్తెమ్మ చెల్క పండింది!

విసుర్రాయికి గంట్లు కొట్టించినప్పుడల్లా రాలిన రాతిపొడిని ఊడ్చి నువ్వు చిక్కుడు పాదులో పోసేదానివి కదా, బిడ్డ అది మరిచిపోలేదు. సారం చచ్చిన ఆ మెట్ట చెల్క అమ్మి డోర్నకల్‌లో కూలికి పోదామని అల్లుడు పట్టుబడితే, రెండేళ్లు ఆగమని బతిమాలింది. కంకర కొట్టేచోట మిగిలిన నల్లరాతి పొడిని బండ్లతో తెచ్చి, పెంట ఎరువులో కలిపి చల్లింది.

"అందరు చెల్కల రాళ్లు ఏరుతరు, గీ పిల్ల పోస్తుందేందిరా!" అని ఊరంతా నవ్వింది.

నిరుడు పెద్దగా తేడా కనిపించలేదు. నాకే గుబులు పుట్టింది. ఈసారి చూడాలి, జొన్న కంకులు బరువుకు వంగిపోయాయి!

నిన్న అల్లుడు కంకిని అరచేతిలో నలిపి నాలుగు గింజలు నోట్లో వేసుకున్నాడు.

"చెల్క అమ్ముదామా మరి?" అంది బిడ్డ, నవ్వాపుకుంటూ.

"ఊకోవే, జర. గా పొడి ఇంక దొర్కుతదా?" అన్నాడు.

నేను పకపకా నవ్వాను రాజవ్వా, కళ్లలో నీళ్లు తిరిగేదాకా.

కొత్త జొన్నలతో రొట్టెలు చేస్తానంది బిడ్డ. పళ్లు లేకున్నా తింటానన్నాను. మొదటిది నీకు పెట్టమన్నాను.