ఆవలింత కొలత

అమ్మా, నేను కులాసాగానే ఉన్నాను, నువ్వు కంగారు పడకు. దవడ పట్టేసిందన్న నా పాప నోట్లో నీ వేళ్ళు రెండే పట్టాయని రాశావు. నీ లావుపాటి వేళ్ళు కాదమ్మా, దాని వేళ్ళే పెట్టి చూడాలి. ఎవరి నోటికి వాళ్ళ వేళ్ళే కొలత, మూడు పట్టాలి.

నిన్న మధ్యాహ్నం మా ఆసుపత్రికి దవడ కీలు బిగుసుకున్న ఓ పిల్ల వచ్చింది. పై పళ్ళకీ కింది పళ్ళకీ మధ్య నేను స్కేలు పెట్టబోతే పెదవులు బిగించేసింది. "స్కేలు వదిలెయ్, నువ్వోసారి ఆవలించు" అని నాతో అంది డాక్టరమ్మ. కిటికీ తెర మీద ఎండ నీళ్ళలా కదులుతోంది. నేను ఆవలించాను. పిల్ల తల్లి ఆవలించింది. చివరికి పిల్ల కూడా, ఏదో కలలో ఉన్నట్టు, మెల్లగా నోరు తెరిచింది. అడిగినప్పటికంటే ఎక్కువే తెరిచింది! నాకు మన పాపే కనబడి, స్కేలు చేతిలోనే ఉండిపోయింది.

వీధి తలుపు గడియ బాగు చేయించావా? నా నీలం శాలువా పంపు. పాప మూడు వేళ్ళూ ఒకదాని మీద ఒకటి నిలువుగా ముందు పళ్ళ మధ్య పెట్టించు. పట్టకపోతే వెంటనే తీసుకొచ్చెయ్. బలవంతం మాత్రం చెయ్యకు.

దానికి నా ముద్దులు. రాస్తుంటే నాకు ఆవలింత వస్తోంది. చదువుతుంటే నీకూ వస్తుంది. ఆపుకోకు, పాప వైపు తిరుగు.