విల్లుకు కట్టిన ఇత్తడి సూది

అమీర్‌పేట,
12 సెప్టెంబరు 1943

తమ్ముడు జీవానందానికి,

అన్న యెషయా దీవెనలతో రాయించేది. ప్రభువు కృప వల్ల ఇక్కడ మేమిద్దరం క్షేమం. కాజీపేటలో మీరంతా క్షేమమని తలుస్తాను. నాకు అక్షరం ముక్క రాదు కదా, ఎప్పటిలాగే నేను చెబుతుంటే మీ వదిన రూతమ్మ రాస్తోంది. క్షేమం అన్నాను గానీ తమ్ముడూ, ఒళ్ళు అలసిపోయింది. పంజగుట్ట మక్కచేలో మంచె ఎక్కితే దిగబుద్ధి కాదు, దిగితే ఎక్కబుద్ధి కాదు.

బంజారా గుట్టల నుంచి పందులు దిగుతూనే ఉన్నాయి. పొలం నవాబుగారిదే అయినా, వాళ్ళు పందిని ముట్టరు కాబట్టి దాని మీద తూటా ఖర్చు పెట్టరు. తుపాకీ జింకకు, విల్లు పందికి. నాన్న నాటినుంచి ఈ కావలి మనకు దక్కింది అందుకే. మొన్న జమేదారు రాజనర్సయ్య వచ్చి, గీ పంటసుత పందుల పాలైతే నీ జాగల ఇంకొకణ్ణి పెడ్త, గుడిసె సుత ఖాళీ చెయ్యాలె అని చెప్పి పోయాడు. ఈ వయసులో ఎక్కడికి పోతాం?

నువ్వు కార్ఖానాలో అరగదీసి పంపిన ఇత్తడి గురిసూది ఎలా ఉందని అడిగావు. విల్లుకు కట్టాను. మంచి చెప్పాలంటే, గోనెసంచి వేలాడదీసి, సూది మొనను దాని మీద నిలిపి వదిలితే బాణం అక్కడే నాటుకుంటుంది. కొత్తవాడు కూడా నాలుగు రోజుల్లో వేటగాడినంటాడు.

కానీ పంది గోనెసంచి కాదు. ఎంత దూరంలో నిలబడాలో అది మన సూదిని అడగదు. దగ్గరికొస్తే బాణం పైనుంచి పోతుంది, దూరమైతే కాళ్ళ ముందు పడుతుంది. తుమ్మకంపలో దూరితే సూది వంగిపోతుంది. మసక వెలుతురులో మరీ కష్టం. సూదిని చూస్తే పంది కనబడదు, పందిని చూస్తే సూది కనబడదు.

పోయిన గురువారం అదే జరిగింది. పొద్దుగూకే వేళ, సన్నటి తుంపర. గట్టు పక్కన నల్లగా, బలిసిన పంది తల వంచి తవ్వుతోంది. ఎన్నడూ లేనంత దగ్గర. సూదిని నమ్మి వదిలాను. బాణం దాని వీపు మీదుగా పోయింది, పంది మక్కలో పడి మాయమైంది. నాన్న నేర్పినట్టు ఉత్త కంటితో కొట్టి ఉంటే అక్కడే పడేది. నీ శ్రమ వృథా అయిందని కోపం తెచ్చుకోకు, రేపు ఆ సూది విప్పేస్తాను. చేసిన చెయ్యి చల్లగా ఉండాలి.

పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
నీ అన్న యెషయా

తా.క. జీవా, ఇది నేను, మీ వదినను. మీ అన్న చెప్పింది చెప్పినట్టే పైన రాశాను. ఆ రోజు అక్కడ పంది లేదు. ఆయనకు రొట్టె తీసుకొస్తూ, వానకు గొంగడి కప్పుకుని, గట్టు మీద పొన్నగంటి కూర కోస్తున్నది నేను. బాణం గొంగడిని చీల్చుకుని పోయింది. మక్కలో పాకుతూ ఇంటికి చేరాను. ఆయనకు చూపు ఆనడం లేదు, ఒప్పుకోరు. నిజం చెబితే మళ్ళీ విల్లు ముట్టరు, అన్నమూ ముట్టరు. నన్ను కాపాడింది నీ సూదే. ఈ ఉత్తరం చెప్పిన మర్నాడు ఆయన విప్పి పక్కన పెడితే, దాన్ని నేను దాచేసి, పోయిందని చెప్పాను; పీడా పోయిందన్నారు. సెలవు పెట్టి త్వరగా రా. విల్లు నేర్పమని అడిగి ఆయన పక్కనే మంచె మీద కూర్చో. నువ్వు వచ్చేదాకా తప్పదని, నేను చేలో అడుగు పెట్టింది మొదలు గొంతెత్తి కీర్తనలు పాడుకుంటూ నడుస్తున్నాను. మీ అన్నేమో నాకు ఈ మధ్య భక్తి ముదిరిందని అందరితో చెబుతున్నారు.