ఎండిన చెట్టు బొమ్మ

తమ్ముడూ,

అందరం బాగున్నాం. ఈ ఉత్తరం అందగానే చెట్లు కొట్టేవాడికి ఫోన్ చేసి, వచ్చే వారం రావద్దని చెప్పు. నేను చెబితే, "సార్ చెప్పాలమ్మా" అంటున్నాడు.

నువ్వు ఎండిపోయిందన్న ఆ పెరటి చెట్టునే రోజూ ప్రార్థన కాగానే కిటికీ దగ్గర కూర్చుని గీస్తున్నాను. మొదటి బొమ్మ చూసి నీ భార్య, "చీపురు బాగా కుదిరింది వదినా" అంది. నాకు బొమ్మలు నేర్పే డ్రాయింగ్ మాస్టారేమో, "కొమ్మల సంగతి వదిలేయండమ్మా, వాటి మధ్య కనబడే ఆకాశం ముక్కల్ని గీయండి" అన్నారు. అలాగే గీశాను.

ఈ ఉదయం రంగు వేద్దామని చూస్తే ఒక ఆకాశం ముక్క చెట్టుతో సరిపోలేదు. తప్పు నాదే అనుకుని చెరిపి గీశాను. మళ్లీ అంతే. కాగితం చిరిగేదాకా చెరిపాను. చివరికి కిటికీ తెరిచి తల బయటపెట్టి చూశాను. కొమ్మ కొసన ఎర్రగా, గోరంత చిగురు.

నా చెయ్యి తప్పలేదురా, చెట్టే మారింది. దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఆనందం పట్టలేక కేకేశాను. నా కేకకు నీ భార్య గరిటెతోనే పరుగెత్తుకొచ్చి, "వదినా, మీ చీపురు చిగురేసింది" అంది.

ఆ చెట్టు చోట వేద్దామన్న కారు షెడ్డు ఇంకోవైపు వేసుకుందాం. నువ్వు వచ్చేసరికి ఆ ఆకాశం ముక్క ఆకుల వెనక దాక్కుంటుంది. అందుకే చిరిగిన బొమ్మని అతికించి దాచాను.

నీ పెద్దక్క