మా ఇంట్లో ఆవు లేదు

జారేచ్యె గ్రామం, 4 మార్చి 1993

పాత రికార్డుల ఆఫీసు అయ్యగారికి, పెలగేయా సావిష్న దండాలు.

మా అమ్మ ఉస్తిన్యా క్రుగ్లోవా. యుద్ధమయ్యాక 1948లో, నాకు పద్నాలుగేళ్ళప్పుడు, ఉమ్మడి వ్యవసాయక్షేత్రం మీటింగులో ఊరంతా చేతులెత్తి, సోమరిపోతని తేల్చి సైబీరియాకి తోలేశారు. ఐదేళ్ళకి తిరిగొచ్చింది గానీ, చచ్చేదాకా తలెత్తుకు తిరగలేదు. ఆవిడ సోమరి కాదని ఒక్క కాగితం ముక్క ఇప్పించండి.

మీ పెలగేయా

*

15 మార్చి

గౌరవనీయులైన పెలగేయా సావిష్న గారికి,

మీ ఊళ్ళో ఆ పేరు గలవాళ్ళు ఇద్దరు. ఆనాటి ఇళ్ళ రిజిస్టరులో ఒకరికి ఆవు ఉంది, ఒకరికి లేదు. మీకు ఆవుండేదా?

ఇన్నకెంతీ ల్వోవిచ్, రికార్డుల అధికారి

*

22 మార్చి

అయ్యా,

ఆవా? ఏ ఆవు? మాకు ఆవు లేదు, దూడ లేదు, ఆపిల్ చెట్టన్నా లేదు. పన్ను వేయడానికి మా దగ్గర ఏమీ లేదు!

పెలగేయా

తా.క. మీ ఉత్తరం సంగతి విని పక్కింటి దార్యా తన మేకను స్నానాల గదిలో దాచింది. అది ఊరంతా వినబడేలా అరుస్తోంది.

*

2 ఏప్రిల్

అమ్మా,

ఆవు లేని ఉస్తిన్యా గారిని ఎవరూ ఎక్కడికీ పంపలేదు. పైగా 1948 నాటికి ఆవిడకి డెబ్భై నాలుగేళ్ళు. అంటే మిమ్మల్ని అరవయ్యో ఏట కన్నారన్నమాట. ఒకసారి ఆలోచించి రాయండి.

ఇన్నకెంతీ

తా.క. ఆవులకీ చెట్లకీ వేసే ఆ పన్ను రద్దయి నలభై ఏళ్ళయింది. మేకను వదిలేయమనండి.

*

9 ఏప్రిల్

బాబూ ఇన్నకెంతీ ల్వోవిచ్,

ఒట్టు, ఎవరికీ చెప్పకు. ఆవుంది. పన్నువాళ్ళొస్తే "మా పిన్నిది, చుట్టపుచూపుగా వచ్చింది" అనేవాళ్ళం. అయినా అది రిజిస్టరులోకెలా ఎక్కింది? ఏ పాపిష్టివాడు చెప్పాడు?

పెలగేయా

*

27 ఏప్రిల్

అమ్మా,

దొరికింది! ఏడాదికి నూట యాభై పనిదినాలు చాలు, మీ అమ్మగారు రెండువందల పన్నెండు చేశారు. మీటింగు కాగితాల్లో ఆవిడ మీద రాసిన నేరం ఒక్కటే: వ్యవసాయక్షేత్రం అధ్యక్షుడి నెత్తిన కుండెడు పుల్లటి క్వాస్ పానీయం కుమ్మరించారట. సీలు వేసిన నకలు పంపుతున్నాను.

ఇన్నకెంతీ

తా.క. ఆ రోజు కూడా ఆవిడ పని మానలేదు.

*

10 మే

నాయనా ఇన్నకెంతీ,

కాగితం పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఆదివారం ఊరందరినీ క్లబ్బుకి పిలిచి చదివించాను. "మా అమ్మ సోమరి కాదనేవాళ్ళు చెయ్యెత్తండి" అన్నాను. అందరూ ఎత్తారు. ఆనాటి మీటింగులో ఉన్నవాళ్ళలో ఇప్పుడు తిమొఫేయ్ తాత ఒక్కడే మిగిలాడు. ఆయన రెండు చేతులూ ఎత్తాడు.

"ఒకరికి ఒక ఓటే తాతా!" అన్నాడు సర్పంచి.

"నోర్ముయ్యరా! ఒకటి ఇప్పటిది. ఇంకోటి అప్పుడు ఎత్తకుండా ఉండాల్సింది" అన్నాడు తాత.

నీ పెలగేయా