సవతి కులాసానా?

ఏమండీ,

అడవిలో సింహాలను లెక్కపెట్టే ఉద్యోగమని చెప్పి వెళ్లారు. మూడేళ్లుగా ప్రతి ఉత్తరంలోనూ ఆ చెవి చిరిగిన ఆడసింహం ముచ్చటే. అడవి కొట్టి పొలాలు చేశారనీ, జింకలు కరువై అది పశువుల మీద పడుతోందనీ, కాపరులు చచ్చిన ఆవులకు విషం పూసి పెడుతున్నారనీ రాశారు. నాకు జ్వరమొస్తే రెండు ముక్కలు, దానికి ముల్లు గుచ్చుకుంటే రెండు పేజీలు! "వదినా, నీ సవతి కులాసానా?" అని మీ చెల్లెలు అడిగినప్పుడల్లా ఒళ్లు మండేది.

నిన్నటి ఉత్తరంలో దాని ఊసే లేదు. నాలుగు పేజీలూ నా గురించే. నా కుట్టుమిషను బాగోగులు కూడా అడిగారు. మురిసిపోయి మీ చెల్లెలికి చదివి వినిపించాను. రెండోసారి ఒక్కదాన్నే చదువుకుని, వెంటనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

దాచకండి. నా సవతికి ఏమైంది?