సుద్ద మణికట్టు

2008 ఫిబ్రవరి 2, ఖోబర్

రాజన్న కుడి మణికట్టు. పరంజా మీంచి పడ్డాడు. జగిత్యాల మేస్త్రీ, అజీజియాలో విల్లాలకు ప్లాస్టరింగ్ చేస్తాడు. సీటీ స్కాన్ చూశాను – ఎముక చివర ముక్కలైంది, పగులు కీలులోకి దిగింది. ఆపరేషన్ చేయకపోతే ఆ చెయ్యి సరిగ్గా తిరగదు.

ఖర్చుకు వాళ్ల కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, సంతకం పెట్టాలి. పెట్టడు. "మాఫీ ఆపరేషన్, డాక్టర్. పిండికట్టు, ఎగ్జిట్, ఖలాస్." ఆపరేషన్ లేదు, కట్టు వేసి దేశం పంపేస్తే సరి, అని. విరిగిన పారను చెత్తలో పడేసినట్టు మనిషిని విమానంలో పడేస్తారు.

వాదించాను. ఎవరి చెమటతో లేచాయి మీ గోడలు... అంతా విన్నాడు, టీ తాగుతూ. కప్పు కింద పెట్టి మళ్ళీ "పిండికట్టు" అన్నాడు.

రాజన్న అడిగింది ఒక్కటే – "సారూ, గీ చెయ్యి తిరగకపోతె గోడకు సిమెంటు మాల్ ఎట్ల గొట్టాలె?"

ఫిబ్రవరి 4

సీటీ సీడీ తీసుకెళ్ళి, ఇక్కడే పంపుల కంపెనీలో పనిచేసే నా స్నేహితుడు సురేశ్ చేతిలో పెట్టాను. వాడి వర్క్‌షాపులో పంపుల విడిభాగాలకు నమూనాలు తీసే యంత్రం ఉంది. సుద్దలాంటి తెల్ల పొడిని పొర మీద పొర అతికించి, తెర మీది ఆకారాన్ని వస్తువుగా చేతికిస్తుంది. రాజన్న ఎముకను కోసేముందే చేతిలో పట్టుకుని చూడాలి, అలా వస్తుందా అంటే, "పంపు కేసింగే వచ్చింది, ఎముకెంత గురువుగారూ" అన్నాడు. బెజవాడ వాడు – మాటకు లోటా.

ఫిబ్రవరి 6

పక్క గది సర్జన్: "బొమ్మలతో ఆడుకుంటున్నారట?"

అవును. తమరు ఎక్స్‌రే నీడలతో ఆడుకోవడం లేదూ.

ఫిబ్రవరి 7

బొమ్మ వచ్చింది. తెల్లగా, నున్నగా, ముచ్చటగా... ఒక్క పగులు లేదు.

"పగుళ్ళేవిరా?"

"పూడ్చేశాను గురువుగారూ. ఫైల్లో ఎక్కడ పడితే అక్కడ గ్యాపులు. మా దగ్గర గ్యాపున్న పార్టు బయటికి పంపితే ఉద్యోగం పోద్ది."

"ఆ గ్యాపుల కోసమేరా నాయనా నేనడిగింది."

వాడి మొహం చూడాలి. తిడదామని నోరు తెరిచి నవ్వాను. వాడూ నవ్వాడు. చాలా రోజులైంది ఇంతగా నవ్వి.

బొమ్మను రాజన్నకు చూపిస్తే ఎడమ చేత్తో తిప్పి తిప్పి చూశాడు. "గిట్లనే చేసి ఇయ్యిండ్రి సారూ, ఇంకేమద్దు." మంచం పక్కనే పెట్టుకున్నాడు.

ఫిబ్రవరి 10

రెండో బొమ్మ. ఈసారి ఏ ముక్కకా ముక్క విడిగా తీశాడు. వెనక వైపు గోరంత ముక్క ఒకటి పక్కకు తిరిగి కూర్చుంది – తెర మీద చూసి కూడా నేను లెక్కలోకి తీసుకోనిది. అరచేతి వైపు నుంచి మాత్రమే కోసి ఉంటే అది అలాగే ఉండిపోయేది. వెనక కూడా చిన్న కోత పెట్టాలి.

ముక్కల్ని మైనంతో కూర్చి, ఎముకకు బిగించే లోహపు ప్లేటును దాని మీద ఆనించి ముందే వంచుకున్నాను. హాయిగా ఉంది.

ఫిబ్రవరి 11

ముదీర్ దగ్గరికి మళ్ళీ. ఈసారి ఉపన్యాసం లేదు. మైనం తీసేసి ముక్కల్ని అతని దోసిట్లో పోశాను. "ఇది రాజన్న చెయ్యి."

కాసేపు చూశాడు. తర్వాత తనే ఒక్కో ముక్కా తీసి కూర్చడం మొదలుపెట్టాడు. చివరి ముక్క పట్టలేదు. వేలితో నొక్కాడు, తిప్పాడు... పట్టలేదు.

"ఇది కట్టు వేస్తే కూర్చోదా?"

"కూర్చోదు."

సంతకం పెట్టాడు. షరతుతో – కట్టు విప్పాక చెయ్యి పనికొస్తే పని, లేకపోతే ఎగ్జిట్.

మనిషి ఎదురుగా నిలబడితే కరగనివాడు సుద్ద ముక్కకు కరిగాడు. ఇన్నేళ్ళుగా నేను గొంతు చించుకున్నదంతా దేనికి? కోపం వస్తోంది. సంతోషంగానూ ఉంది. రెండూ ఉండనీ.

ఫిబ్రవరి 13

చేశాను. ప్లేటు తొడిగినట్టు కూర్చుంది. వెనక ముక్క బొమ్మలో ఉన్నచోటే దొరికింది. సురేశ్‌కు ఫోన్ చేస్తే, "నా పార్టు ఫిట్టయిందన్నమాట" అన్నాడు. నీ పార్టట... సరే, ఒప్పుకుంటున్నా.

మార్చి 3

వేళ్ళు ముడుస్తున్నాడు. నర్సమ్మ ఇచ్చిన స్పాంజి నొక్కుతూ, "గిది మెత్తగున్నది, ఇటుక ఇయ్యిండ్రి" అంటాడు.

మార్చి 29

కట్టు విప్పాను. ఎక్స్‌రే బాగుంది. ముదీర్ మనిషి తలుపు దగ్గర నిలబడ్డాడు, చెయ్యి తిరుగుతుందో లేదో చూసి వెళ్ళి చెప్పాలట.

రాజన్నను అరచెయ్యి పైకి తిప్పమన్నాను. తిరిగింది... సగం దాకా వచ్చి ఆగింది. నుదుటి మీద చెమట. తలుపు దగ్గరున్నవాడు నా వైపు చూశాడు. వాదించడానికి నోరు తెరిచాను.

"ఉండున్రి సారూ," అన్నాడు రాజన్న, చెయ్యి మీంచి చూపు తీయకుండా. "మల్ల తిప్పుత."